గట్టు తేలేదాకా

మా నాన్న రాయిస్ పెల్కీ ఎవరినీ నమ్మడు. వాతావరణం చెప్పే రేడియోని నమ్మడు, పోస్టాఫీసు తూకాన్ని నమ్మడు, ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే పాస్టరునైతే అసలే నమ్మడు. అలాంటి మనిషి ఇంట్లో ఉంటూ కాలేజీ దరఖాస్తులో నిజం రాశాను చూడండి, అదీ నా బుద్ధితక్కువ. నాకప్పుడు పదిహేడేళ్లు.

'ఏ విషయం చదవదలిచారు?' అని అడిగిన చోట ముప్పై రెండు పేర్లు అచ్చేసి ఉన్నాయి. అన్నిటికన్నా అడుగున 'ఇంకా తేల్చుకోలేదు' అని ఒక గడి. డిసెంబరంతా ఆ కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఒకరోజు చరిత్ర అనిపించేది, మర్నాడు రాళ్లూ ఖనిజాలూ అనిపించేది. పెన్సిలుతో టిక్కు పెట్టడం, రబ్బరుతో చెరపడం. కాగితం చిరుగుతుందేమోనని భయం వేసి, చివరికి అడుగు గడిలో పెన్నుతో టిక్కు పెట్టి పంపేశాను. అబద్ధం చెప్పలేదన్న తృప్తి మిగిలింది. ఆ తృప్తి మార్చి మొదటి మంగళవారం దాకా నిలిచింది.

మార్చి మొదటి మంగళవారం మా ఊరి సభ. బడిలో ఆటల హాలు నిండా మడతకుర్చీలు వేస్తారు. రోడ్డు మంచు తోసే బండి కొనాలా వద్దా అన్న దగ్గర్నుంచి శ్మశానం కంచె దాకా అన్నిటికీ అందరూ నోటితోనే ఓటేస్తారు. మా నాన్న ప్రతి అంశం మీదా లేచి మాట్లాడతాడు. ఆయన లేస్తే ఆడవాళ్లు అల్లిక పని బయటికి తీస్తారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, బడిలో మా కాలేజీ దరఖాస్తులు చూసే టటిల్ మాస్టారు పళ్లెంలో ఉడికించిన చిక్కుళ్లతో మా బల్ల దగ్గరికి వచ్చాడు.

"రాయిస్, మీ అమ్మాయిది భలే ధైర్యం. ఏం చదవాలో తేల్చుకోలేదని రాసే పిల్లలు ఎంతమంది ఉంటారు!" అన్నాడు, మెచ్చుకుంటున్నాననే అనుకుని.

వెనక బల్ల నుంచి ఎవరో అందుకున్నారు. "శ్మశానం కంచెకి ఏ రంగెయ్యాలో తండ్రికి తెలుసు. తనేం చెయ్యాలో కూతురికి తెలీదు!"

బల్లలన్నీ నవ్వాయి. నాన్న చెంచా పళ్లెంలో పెట్టేశాడు. మళ్లీ తీయలేదు. ఆ మధ్యాహ్నం మిగిలిన అంశాల మీద ఆయన ఒక్కసారి కూడా లేవలేదు. సభ గంట ముందే అయిపోయింది.

ఇంటికొచ్చేటప్పుడు ట్రక్కులో అడిగాడు. "ఏం దాస్తున్నావే?"

"ఏం దాయట్లేదు నాన్నా. నిజంగానే తెలీదు."

"తెలీనివాళ్లు తెలీదని రాయరు. ఏదో ఒకటి రాసి పడేస్తారు. తెలిసినవాళ్లే అలా రాస్తారు, ఎదుటివాడికి తెలీకూడదని."

"నాన్నా, అది ఒట్టి గడి. ఖాళీ గడి."

"అదే నేనూ అంటున్నది. ఖాళీ ఎవరు వదుల్తారు? తర్వాత నింపుకునేవాళ్లు."

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. వారం తిరిగేలోగా ఆ గడి మా ఇంట్లో ఐదో మనిషై కూర్చుంది. మా అమ్మ ఆర్లీన్‌కి అందులో ఎవరో అబ్బాయి కనిపించాడు. "వాడెక్కడ చదువుతుంటే అది చదువుదామనా?" అని గిన్నెలు తోముతూ నావైపు చూడకుండా అడిగింది. ఏ అబ్బాయో నాకు చెబితే నేనూ సంతోషించేదాన్ని. మెర్ల్ బాబాయి మా నాన్న తమ్ముడు. పెళ్లిచేసుకోలేదు, పశువుల కొట్టం మీది గదిలో ఉంటాడు. ఆయనది ఇంకో లెక్క. "గోడ మీది పిల్లి ఎటు దూకుతుందో దానికి ముందే తెలుసు. చూసేవాళ్లకే తెలీదు" అన్నాడు కన్ను గీటి. నిజం చెప్పి నమ్మించలేకపోవడం ఎంత అవమానమో ఆ మార్చిలో తెలిసింది. అబద్ధమాడి దొరికిపోయినా అంత బాధ ఉండదు.

ఆ వారమే చెట్లు కారడం మొదలైంది. మాకు మేపుల్ చెట్లే పంట. రాత్రి నీళ్లు గడ్డకట్టి, పగలు ఎండ కాస్తే చెట్టుకి పెట్టిన గొట్టంలోంచి రసం బకెట్‌లోకి చుక్క చుక్కగా దిగుతుంది. బడి నుంచి వచ్చీ రాగానే నేనూ బాబాయీ బకెట్లు మోసి తెచ్చేవాళ్లం. నాన్న పాకం కొట్టంలో పెద్ద పెనం మీద ఆ రసం మరిగిస్తూ ఆవిరిలో నిలబడేవాడు. నురగ పొంగితే ఒక చుక్క మీగడ వేసేవాడు, అణిగిపోయేది. పాకం దించే వేళ ఎప్పుడనేది ఆయనొక్కడే చెప్పాలి. గరిట ఎత్తి వంచి, అంచున పాకం బొట్లుగా కారకుండా పల్చటి తెరలా వేలాడిందంటే దించేస్తాడు. ఇంకొకరు గరిట ముట్టుకుంటే ఒప్పుకోడు.

ఏడాదిలో మొదటిసారి దించిన పాకం అన్నిటికన్నా లేతగా, తేనె కన్నా పల్చటి రంగులో ఉంటుంది. దాన్ని ఒకే ఒక డబ్బాలో పోసి, మూత బిగించి, కొట్టం తలుపు మీది అటక మీద పెడతాం. అమ్మం. చెట్లు కారడం ఆగి పని అయిపోయిన రోజు ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ డబ్బా విప్పి, మంచు మీద పోసుకుని తినాలి. మా తాతల నాటి పద్ధతి. అయితే కొన్నేళ్లుగా ఆ డబ్బా విప్పే యోగం మాకు పట్టలేదు. ఆ రోజు వచ్చేసరికి అటక ఖాళీగా ఉండేది. నాన్న ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ప్రతిసారీ ఆ నింద మెర్ల్ బాబాయి మీదే పడేది, బీరుకి మార్చుకున్నాడని. బాబాయి నవ్వేసేవాడు. ఆ నవ్వు చూసి నేనూ ఆయన్నే అనుమానించేదాన్ని.

మొదటి డబ్బా అటకెక్కిన మర్నాడు కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. మా చుట్టుపక్కల ఉంటున్న పాత విద్యార్థి ఒకరు నన్ను పిలిచి మాట్లాడి, తమ అభిప్రాయం రాసి పంపుతారట. కింద పేరు చదివి అమ్మ ఉత్తరాన్ని బల్ల మీద బోర్లించింది. నాన్న తిప్పి చూశాడు.

"హ్యారియట్ బాస్కమ్."

ఆవిడ మా పక్క పొలం. మొగుడితో బోస్టన్ నుంచి వచ్చి నలభై ఏళ్లయినా మా ఊళ్లో ఇంకా బయటి మనిషే. రాతిగోడకి అటు ఆవిడ, ఇటు మేము. గోడని ఆనుకుని మా వైపు పదకొండు మేపుల్ చెట్లు. గోడే గట్టని మా నాన్న, గట్టు గోడకి ఇరవై అడుగులు ఇవతలుందని ఆవిడ మొగుడు గీయించిన పటం. ఆయన పోయాడు, పటం మిగిలింది. మేం ఆ పదకొండు చెట్లకీ బకెట్లు కడుతూనే ఉన్నాం. ఆవిడ కోర్టుకి పోలేదు, అలాగని వదిలేశానని కూడా అనలేదు. మా నాన్న దృష్టిలో దావా వెయ్యడం కన్నా అది పెద్ద కుట్ర.

"ఇదీ సంగతి! కాలేజీ లేదు, గీలేజీ లేదు. నీ నోట్లోంచి చెట్ల సంగతి లాగుతుంది. ఆ ఖాళీ గడి నీతో పెట్టించింది కూడా ఆవిడేనా?"

"ఆవిడతో నేను జన్మలో మాట్లాడలేదు నాన్నా!"

"మాట్లాడొద్దు కూడా."

"మాట్లాడకపోతే సీటెలా వస్తుంది రాయిస్?" అంది అమ్మ.

నాన్న పొయ్యిలో రెండు కట్టెలు ఎగేశాడు. తర్వాత అన్నాడు. "సరే, వెళ్లు. ఏమిచ్చినా తాగు, కానీ తాపీగా తాగు. చెట్ల ఊసెత్తితే లేచి వచ్చెయ్. మంచి బూట్లేసుకో. గుమ్మంలో కుక్కుంటుంది. కంగారుపడకు, అది మొరగదు."

శనివారం రెండింటికి వెళ్లాను. కుక్క నన్ను చూసి గొలుసు తెంపుకునేంతగా మొరిగింది. నాన్న మాట తప్పడం అరుదు, వింతగా అనిపించింది.

మిసెస్ బాస్కమ్‌కి డెబ్బై దాటాయి. పొడుగు మనిషి, మగవాళ్ల స్వెట్టరు. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి టీ పోసింది. ముందొక కాగితం, పెన్సిలు. నేను కప్పులోకి చూసుకుంటూ కూర్చున్నాను.

"ఏం చదవాలో తేల్చుకోలేదన్నావు. ఎందుకు?"

"నాకు విశాలమైన ఆసక్తులు ఉన్నాయండి."

"ఇది టటిల్ నేర్పిన ముక్క. నీది చెప్పు."

నాకు ఉక్రోషం వచ్చింది. జాగ్రత్తగా ఉండాలనుకున్నదంతా మర్చిపోయాను. "నా ఆరేళ్లప్పుడు బీట్‌రూట్ బాగాలేదన్నానండి. అప్పట్నుంచీ మా ఇంట్లో నా పళ్లెంలో వెయ్యరు. ఇప్పుడు నాకిష్టం. చెబితే నమ్మరు, నటిస్తున్నానంటారు. మా ఇంట్లో ఒకసారన్న మాట రాతి మీద చెక్కినట్టే. ఆ ముప్పై రెండింట్లో ఒకటి రాశాననుకోండి, ఇంక బతికినన్నాళ్లూ నేను అదే. అందుకని భయమేసింది. అంతేనండి, ఇందులో ఇంకే మర్మం లేదు."

ఆవిడ పెన్సిలు కింద పెట్టేసింది. "నమ్ముతున్నాను" అంది.

ఆ ఒక్క మాటకి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎవరూ అనని మాట శత్రువు ఇంట్లో వినాల్సొచ్చింది. వెంటనే అనుమానమూ వచ్చింది, ఎంతైనా పెల్కీ రక్తం. ఇప్పుడు చెట్ల ఊసెత్తుతుందని కాచుకు కూర్చున్నాను. ఆవిడ ఎత్తలేదు. "డోనట్లు చల్లారిపోతున్నాయి. ఆ సామాన్ల గదిలో పాకం ఉంటుంది, తీసుకురా. కింది అర" అంది.

గది తలుపు తీశాను. కింది అరలో తొమ్మిది డబ్బాలు వరసగా ఉన్నాయి. మా డబ్బాలే. ఐదు ఖాళీవి, వాటిల్లో గుండీలూ మేకులూ పోసుకుంది. నాలుగు నిండువి, మూత కూడా తీయలేదు. ఒక్కోదాని మెడకీ దారంతో కట్టిన అట్టముక్క, ఒక్కోదాని మీదా ఏడాది, కింద ఒకటే వాక్యం. 'పదకొండు చెట్లకి. గట్టు తేలేదాకా.' ఆ వంకర అక్షరాలు నేను పుట్టినప్పట్నుంచీ చూస్తున్నవే.

ఒక డబ్బా పట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టాను. కిటికీ వెలుగులో దాని అంచున కారి ఎండిన పాకం లేత రంగులో మెరిసింది. అది మొదటి రోజు పాకం.

"ఇంట్లో చెప్పుండడు" అందావిడ.

"లేదండి."

"నాతోనూ ఏం చెప్పలేదు. ప్రతి ఏడూ మీ పని అయిపోయిన రోజు పొద్దున్నే గుమ్మంలో పెట్టి వెళ్లిపోతాడు. మొదట్లో విషం కలిపాడేమోనని కుక్కకి పెట్టి చూశాను." నవ్వింది. "అతన్ని చూసి అది మొరగడం మానేసి ఆరేళ్లయింది."

గోడ దాటి ఇంటికొస్తుంటే ముందు కోపం వచ్చింది. తొమ్మిదేళ్లు బాబాయిని దొంగని చేశాడు. అవి ఆవిడ చెట్లేనని ఒప్పుకోలేడు, ఊరికే తీసుకోనూ లేడు, ఎవరికీ చెప్పలేడు. ఇలాంటి మనిషా నన్ను తేల్చుకోలేదని నిలదీసేది! ఆ పదకొండు చెట్ల మధ్య నిలబడి కాసేపు ఒంటరిగా నవ్వుకున్నాను. మా నాన్నని ఎన్నడూ లేనంతగా ప్రేమించాను.

ఆయన కొట్టం గుమ్మంలోనే ఉన్నాడు. "ఏమడిగింది?"

"బీట్‌రూట్ గురించి."

"చెట్ల ఊసెత్తిందా?"

"లేదు."

గరిటని గుడ్డతో తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. "ఇల్లదీ ఎలా ఉంది?"

"మామూలుగానే ఉంది నాన్నా. వంటింట్లోనే కూర్చున్నాం."

నిజం చెబితే నమ్మని మనిషి ఈ అబద్ధాన్ని నమ్మి లోపలికి పోయాడు.

మార్చి ఆఖరున కాలేజీ నుంచి లావుపాటి కవరు వచ్చింది. సన్నటి కవరైతే సీటు రాలేదని, లావుదైతే వచ్చిందని అందరికీ తెలుసు కాబట్టి అమ్మ దాన్ని విప్పకముందే నన్ను కావలించుకుంది. సీటు తీసుకుంటున్నట్టు ఒక కాగితం మే ఒకటో తేదీకల్లా వెనక్కి పంపాలి. నాకు పద్దెనిమిది నిండలేదు గనక తండ్రి సంతకం కావాలి. నాన్న ఆ కాగితం రెండువైపులా చదివాడు. 'చదివే విషయం' అన్న చోట మళ్లీ టైపు చేసి ఉంది, ఇంకా తేల్చుకోలేదని.

"ఇక్కడొక మాట రాయి, సంతకం పెడతా. ఏ మాటైనా సరే. ఖాళీ కాగితం మీద మాత్రం పెట్టను."

"ఏదో ఒకటి రాసెయ్యవే. తర్వాత మార్చుకోవచ్చు" అంది అమ్మ.

"ఇన్నాళ్లూ నేను చెప్పిందంతా నిజం నాన్నా. ఇప్పుడు రాస్తే అదే అబద్ధం."

"మనసులో మాట బయటపెట్టని మనిషిని నేను నమ్మను" అన్నాడు మా నాన్న. ఈ మాట ఆయనే అన్నాడు!

డబ్బా సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట అంటే చాలు, సంతకం పడేది. కానీ ఆ తర్వాత ఆయన నా మొహం చూడలేడు. కాగితం తీసి రొట్టెల డబ్బా కింద పెట్టాను. రోజూ పొద్దున్నే చూసుకునేదాన్ని, ఖాళీ గీత ఖాళీగానే ఉండేది. మే ఒకటికి ఇంకెన్ని రోజులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకునేదాన్ని.

ఏప్రిల్ రెండో వారంలో కప్పలు అరిచాయి, చెట్లు మొగ్గ వేశాయి, రసం చేదెక్కింది. పని అయిపోయింది. ఆదివారం మధ్యాహ్నం కొట్టం వెనక నీడలో మిగిలిన మంచు గిన్నెలకెత్తి తెచ్చాం. అమ్మ డోనట్లు వేయించింది, తీపి మొహం మొత్తితే కొరుక్కోవడానికి పుల్లటి దోస ఊరగాయ తీసింది. నాన్న నిచ్చెనేసుకుని అటక మీద చెయ్యి పెట్టాడు.

"పోయింది" అన్నాడు.

నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఎంత బాగా అరిచాడో! తలుపులు అదిరాయి. "కొట్టం తాళం ఈ ఏడు నీ దగ్గరే ఉంది కదరా మెర్ల్!"

బాబాయి ఈసారి నవ్వలేదు. ఆయనకి ఆ చలికాలం నుంచి మోకాళ్లు పట్టేస్తున్నాయి, ఆ సీజనంతా కుంటుతూనే బకెట్లు మోశాడు. చేతిలో ఊరగాయ ముక్క పళ్లెంలో పెట్టి లేచాడు.

"తొమ్మిదేళ్లు పడ్డానన్నయ్యా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంటుందని నోరు మూసుకున్నా. ఇంక నావల్ల కాదు. బార్ట్‌లెట్ వాళ్ల డెయిరీలో మనిషి కావాలంటున్నారు. రేపు పొద్దున పోతాను."

అమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న నిచ్చెన పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కుడితిలో పడ్డ ఎలుక ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. చెప్పాలని ఉంది ఆయనకి. నిజంగా ఉంది. తొమ్మిదేళ్లుగా చెప్పని మాట, ఎటునుంచి మొదలుపెట్టాలో తెలియట్లేదు. బాబాయి తలుపు దాకా వెళ్లాడు.

"బాబాయ్, ఆగు. నేను తీశాను" అన్నాను.

ముగ్గురూ నావైపు తిరిగారు.

"మిసెస్ బాస్కమ్‌కి ఇచ్చాను. నాతో బాగా మాట్లాడిందని."

"మొదటి డబ్బా! ఆవిడకా!" అంది అమ్మ.

"తప్పే. కానీ ఇచ్చేశాను."

నాన్న నన్ను చూశాడు. ఆ డబ్బా ఆ పొద్దున ఆయన చేతులతోనే గోడ దాటింది. చాలాసేపు చూశాడు. నేను మంచు గిన్నెలోకి చూసుకున్నాను.

బాబాయి తలుపు దగ్గర్నుంచే అన్నాడు. "సరే, ఇది నువ్వు తీశావు. మరి ఆ తొమ్మిదీ? అప్పటికి నువ్వు బుడ్డదానివి!"

"వదిలెయ్ మెర్ల్" అన్నాడు నాన్న.

మా నాన్న ఒక విషయాన్ని వదిలెయ్యమనడం అప్పటిదాకా మేమెవరం వినలేదు. నిచ్చెన దిగి వచ్చి, తమ్ముడి కుర్చీ వెనక్కి లాగి పట్టుకున్నాడు. "కూర్చో. నీ మీద అనకుండా ఉండాల్సింది. ఎప్పుడూ అనకుండా ఉండాల్సింది." బాబాయి నన్నూ, నాన్ననీ మార్చి మార్చి చూశాడు. వచ్చి కూర్చున్నాడు. అమ్మ రెండో డబ్బాలో పాకం వేడిచేసి మంచు మీద పోసింది. అందరం తిన్నాం.

తిన్నాక నాన్న చేతులు కడుక్కుని రొట్టెల డబ్బా ఎత్తి కాగితం తీశాడు. అలవాటు ప్రకారం మళ్లీ రెండువైపులా చదివాడు. ఖాళీ గీత దగ్గర కాసేపు ఆగాడు.

"పెన్నేదీ?" అన్నాడు.

సంతకం పెట్టి, ఆరేదాకా ఊది, నా చేతికిచ్చాడు. "తేల్చుకున్నాక ముందు నాకు చెప్పు. ఆవిడకి కాదు."

"నీకే చెప్తా నాన్నా."

సెప్టెంబరులో వెళ్లాను. మరుసటి ఏప్రిల్ దాకా కూడా ఏమీ తేల్చుకోలేదు. ఆ నెల అమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. చెట్లు ఈ ఏడు బాగా కారాయనీ, బాబాయి మోకాళ్లు నయమనీ రాసింది. చివర్లో ఇలా ఉంది: 'మొదటి డబ్బా మళ్లీ పోయింది. నువ్వే తీశావంటున్నాడు మీ నాన్న. భోజనం దగ్గర గట్టిగా వాదించాడు కూడా. నాకేం అర్థం కావట్లేదు.'

నేనప్పుడు ఇంటికి రెండు వందల మైళ్ల దూరంలో ఉన్నాను. కాగితం తీసుకుని, అవునమ్మా, నేనే తీశానని రాశాను.